పతకం మీది ముసలావిడ

ఆవగింజంత అక్షరం ఒకటి. ఇన్నేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను.

పెళ్లికి ముందు రాజమండ్రిలో పతకాలు చేసేచోట పనిచేశాను. ఫైన్ ఆర్ట్స్ చదివి కొత్తగా చేరిన నాకు పని నేర్పింది విజయక్క. ముందు బొమ్మని మట్టిలో పళ్లెమంత పెద్దగా చేస్తాం. దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాం. అచ్చులో అంతా తిరగబడి ఉంటుంది. ఎత్తు గుంటవుతుంది, ఎడమ కుడవుతుంది. చివరగా ఆ అచ్చులోనే, బొమ్మ భుజం కింద, చేసినవాళ్ల పేరులో మొదటి అక్షరం చెక్కుతాం. అదే మా సంతకం.

కాకినాడలో ఓ నర్సింగ్ స్కూలు వాళ్లు ఏటా ఫస్టు వచ్చిన అమ్మాయికి ఇవ్వడానికి పతకం అడిగారు. దాని మీద మంత్రసాని ముఖం కావాలన్నారు. చనిపోయిన వాళ్లమ్మ ముఖం చేసింది అక్క. బరువు కమ్మలకి చెవి తమ్మె తెగిన ముఖం. అచ్చు పూర్తిగా ఆరకముందే వాళ్ల నాన్నగారు వచ్చి, పురుటికని అక్కని మండపేట తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ, "నా అక్షరం పెట్టి పంపించెయ్యవే" అంది.

నేను నా అక్షరం పెట్టాను.

పొరపాటున జరిగిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఏం పొరపాటు? అచ్చులో అక్షరం తిరగేసి చెక్కాలి. చెయ్యి దానంతటది రాసేసేది కాదు. కాగితం మీద రాసి, వెనక్కి తిప్పి వెలుతురులో పెట్టి చూసుకుని, మెల్లగా చెక్కాను. అంతసేపూ అక్క గుర్తు రాలేదా? వచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు.

ఆ చోటు నడుపుతూ ఆర్డర్ల కోసం ఊళ్లు తిరిగే మా మాస్టారు అక్షరం చూసి పని నాదేననుకున్నారు. "ఎవరమ్మా ఈవిడ?" అంటే, "మా అమ్మమ్మండి" అనేశాను. అక్షరం దొంగిలించడం చాలలేదు నాకు.

చంటిపిల్లతో అక్క తిరిగొచ్చిన రోజు మాస్టారు ఆ పతకం ఆమె చేతికిచ్చారు. "చూడు విజయా, మన అమ్మాయి వాళ్ల అమ్మమ్మని ఎంత బాగా చేసిందో!"

అక్క పతకాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మీ అమ్మమ్మకీ చెవి తెగిందేంటే?"

"ఆఁ... ఎప్పుడో అక్కా."

"పాపం, అచ్చం మా అమ్మకిలాగే" అని నవ్వి, పిల్లకి పాలివ్వడానికి లోపలికెళ్లిపోయింది.

ఎందుకు ఊరుకుంది? ఒళ్లో పిల్లతో ఉద్యోగం పోతుందని భయపడిందా? లేక నా అంతట నేనే చెప్తానని కాసేపు ఆగిందా? నేను చెప్పలేదు. తర్వాత ముఖాలు చేసే పనులన్నీ నాకొచ్చాయి. అక్కకి కబడ్డీ షీల్డుల మీద పేర్లు చెక్కడం మిగిలింది. కొన్నాళ్లకి మానేసింది.

ఇప్పుడు కొవ్వూరులో ఉంటున్నాను. ఆ పతకం నమూనాకి మా అత్తగారు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. మా అమ్మ ఒకసారి చూసి, "మా అమ్మ ముక్కు ఇంత పొడుగు కాదే" అంది. నవ్వేసి ఊరుకున్నాను. మా పాపకి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. "తాతమ్మకి దణ్ణం పెట్టమ్మా" అని అత్తగారంటే బుద్ధిగా చేతులు జోడిస్తోంది. పాపకి జలుబు చేసినా భయపడే మనిషిని నేను. కానీ ఈ భయం వేరు. నేను పోయాక ఎవరో నా ముఖాన్ని తమ వాళ్లదని చూపించుకుంటుంటే, నా కూతురు అక్కడే నిలబడి నవ్వాల్సి వస్తే?

అక్క నంబరు నా ఫోన్లో ఉంది. చేస్తానో లేదో తెలియదు. చేసినా క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ పతకం చేసింది విజయక్క. ఆ ముసలావిడ వాళ్లమ్మ. ఆవిడ పేరు సత్యవతి గారు.