పడవ నేర్పిన ఊపిరి

గజ్జల్లో చిన్న హెర్నియా ఉందని తెలిశాక, డాక్టరుగారు నన్ను తేలికపాటి బరువులు మాత్రమే ఎత్తమన్నారు. కాకినాడలో నేను వెళ్లే జిమ్‌లో కోచ్‌ది రోజూ ఒకటే మాట: "ఊపిరి బిగబట్టకండి సార్, ఎత్తేటప్పుడు వదలండి." నాకేమో డంబెల్ పట్టుకోగానే ఊపిరి దానంతటదే బిగుసుకుపోయేది.

ఒక ఆదివారం చీర కొనడానికి మా ఆవిడతో ఉప్పాడ వెళ్లాను. తీరం వైపు వెళ్లేసరికి సముద్రం ముందుకొచ్చేస్తోంది. ఒడ్డున ఉన్న పెద్ద పడవను జనం తాళ్లు కట్టి పైకి లాగుతున్నారు. నేనూ ఒక చెయ్యి వేద్దామని పరుగెత్తబోతే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఆపింది. "ఏవండీ, డాక్టరుగారు ఏం చెప్పారు? మీరు ముట్టుకోవద్దు!"

సిగ్గుతో నిలబడిపోయాను. అంతలో పెద్ద అల వచ్చి పడవను వెనక్కి ఈడ్చింది. ఎవరో "హైలెస్సా!" అని అరిచారు. అందరూ ఒక్క గొంతుతో "హైలెస్సా!" అన్నారు. ఆ కేకతోపాటే పడవ కదిలింది. కేక ఆగితే పడవా ఆగింది. అప్పుడు గమనించాను. వాళ్లెవరూ ఊపిరి బిగబట్టడం లేదు, కేకలో వదిలేస్తున్నారు! తాడు ముట్టుకోకుండానే నేనూ గొంతు కలిపాను. అంత పెద్ద పడవా ఇసుక మీద పాకుతూ ఒడ్డెక్కింది.

మర్నాడు జిమ్‌లో చిన్న డంబెల్ ఎత్తుతూ "హైలెస్సా" అన్నాను. ఊపిరి హాయిగా బయటికొచ్చింది.

"ఏంటి సార్, ఏం లాగుతున్నారు?" అని నవ్వాడు కోచ్.

"పడవనండి. నిన్న మా ఆవిడ ముట్టుకోనివ్వలేదు."