లీలారాణి ఆంటీ గీసిన గీతలు

చదువుకని విదేశం వచ్చిన నేను లాక్‌డౌన్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్‌లో లీలారాణి ఆంటీ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ బాగోగులు చూసే కేరర్. అక్కడొక డచ్ ముసలమ్మకు మతిమరుపు ముదిరి ఇంగ్లిష్ పోయింది, పుట్టుభాషే మిగిలింది. చూడ్డానికి ఎవర్నీ రానివ్వడం లేదని మనవరాలు పుట్టినరోజు కార్డు పంపింది.

అందులోని మాటలు ఆంటీ కాగితం మీద ఎక్కించుకొచ్చింది. "కాలేజీవోడివి కదా జయకర్, ఈ పొడుగు మాట ఎట్టా పలకాలో చెప్పు. రేపు ఆవిడకి చదివి వినిపించాలి."

"అది మాటా, గూడ్సు బండా? మీ వల్ల కాదులే ఆంటీ," అని నవ్వాను. నాకూ రాదని మాత్రం ఒప్పుకోలేదు.

ఆవిడ పెన్సిల్ తీసింది. సండే స్కూలు పిల్లలకు బైబిల్లో పెద్ద పేర్లు విడగొట్టినట్టే నిలువు గీతలు గీసింది. ఫర్, యార్, దాఖ్స్, కార్ట్. ఫోనులో వెతికి, యార్ అంటే ఏడాదనీ దాఖ్ అంటే రోజనీ, అంతా కలిపితే పుట్టినరోజు కార్డనీ పక్కన రాసుకుంది.

మర్నాడు వస్తూనే, "తప్పు పలికితే ఆవిడే దిద్దింది నాయనా! నా చెయ్యి వదలకుండా నాలుగుసార్లు చదివించుకుంది," అంది. "అన్నట్టు, ఇవాళ పరీక్ష ఉందన్నావుగా, ఎట్టా రాశావు?"

ఆవిడ మొహం చూడలేకపోయాను. "రాయలేదాంటీ. కాలేజీ మానేసి ఆర్నెల్లయింది."

"నిన్న నవ్వే బదులు ఆ మాట చెప్పకపోయావా? దానికీ ఇద్దరం కూర్చుని గీతలు గీసుకునేవాళ్ళం."