రోమ్ లేవలేదు

మా నాన్నకు ఇటలీ అంటే పిచ్చి. గట్టిగా నాలుగు ఊళ్ళు చూడని మనిషి, ఆ దేశం ముక్కముక్కలుగా ఉండి ఒకటైన కథను మాత్రం సొంత ఇంటి సంగతిలా చెప్పేవారు. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ బడిలో ఆయన చరిత్ర మాస్టారు. ఆ ఏడు నేనూ ఆయన క్లాసులోనే ఉన్నాను.

పాఠం చెప్పడంలో ఆయనదో పద్ధతి. ఒక్కో పిల్లను ఒక్కో రాజ్యం చేసేవారు. మిగతావన్నీ వచ్చి కలిసే పీడ్మాంట్ ముందు బెంచీలో కూర్చునేది. కథలో ఏ రాజ్యం కలిస్తే ఆ పిల్ల లేచివెళ్ళి ఆ బెంచీలోనే ఇరుక్కోవాలి, మిగతావాళ్ళం చప్పట్లు కొట్టాలి. అన్నిటికంటే చివర కలిసేది రోమ్. పోపు ఏలుబడిలో ఉన్న ఆ నగరంలోకి సైన్యం వెళ్తేగాని ఇటలీ పూర్తి కాలేదు. అందుకని రోమ్‌ను బాగా చదివే పిల్లకే ఇచ్చేవారు. ఆ ఏడు అది నా స్నేహితురాలికి దక్కింది. బన్సీలాల్‌పేటలో ఉండే ముస్లిం అమ్మాయి. నాకు రాలేదని రెండు రోజులు అన్నం మీద అలిగాను.

పాఠం సగంలో ఉండగా పోలీసు యాక్షన్ పేరుతో నిజాం మీదికి ఇండియా సైన్యం వచ్చింది. బడి మూశారు. మళ్ళీ తెరిచేసరికి హైదరాబాద్ రాజ్యం ఇండియా చేతిలోకి వచ్చేసింది. "మనం చదివిందే మన కళ్ళముందు జరిగింది చూడండర్రా" అని నాన్న మురిసిపోయారు. నా స్నేహితురాలి అన్న ఆ రోజుల్లోనే బట్టల బేరానికి, ముస్లింల మీద దాడులు జరిగిన బీదర్ వైపు వెళ్ళి తిరిగి రాలేదని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. చెప్పాలని తోచలేదు.

పాఠం మళ్ళీ సాగింది. నేపుల్స్ లేచింది. వెనిస్ లేచింది. రోమ్ లేవలేదు. మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే, ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

"లేమ్మా, నీ కోసమే ఆగింది ఇటలీ" అన్నారు నాన్న నవ్వుతూ.

ఆమె కూర్చున్నచోటి నుంచే అడిగింది. "సార్, గప్పుడు రోమ్‌ల ఇండ్లల్లకెళ్ళి బయటికి పోయినోళ్ళు వాపస్ వచ్చిన్రా? మా అన్న ఇంక రాలే."

నాన్న చేతిలోని పుస్తకం వైపు చూశారు. అందులో ఆ సంగతి లేదు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. వాళ్ళమ్మ మంచం వాల్చి, చాయ్ ఇచ్చింది. నాన్న చేతులు జోడించి, "తెలియక పిల్ల మనసు కష్టపెట్టానమ్మా" అన్నారు. ఆమె చెవికి అదేమీ ఎక్కినట్టు లేదు. ఆయన ఎదుట కూర్చుని, "సారూ, మీరు ఇంగ్లీషు పేపర్లు సదువుతరు గదా. మా పిల్లగాని పేరు ఏడనన్న వచ్చిందా?" అంది.

ఇటలీలో ఏ యుద్ధం ఏ నెలలో జరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, "తెలియదమ్మా" అన్నారు.

"గట్లనా. రేపటి పేపర్ల సుత జెర చూడున్రి."

చూస్తానన్నారు. నా పెళ్ళయ్యేనాటికి కూడా చూస్తూనే ఉన్నారు.