గులాబీ డబ్బాల్లో నేను పోసిన నీళ్లు

ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను.

ముందు నా సంతోషం చెప్పనివ్వండి, అదీ ఆగడం లేదు. నేను బీకాం పాసయ్యాను! కాలేజీ బోర్డు మీద నా నంబరును మూడుసార్లు వేలుపెట్టి చూసుకున్నాను. మా వంశంలో మరమగ్గం తప్ప ఇంకోటి తెలిసినవాళ్లు లేరు. డిగ్రీ నాతోనే మొదలు. బాపు ఎస్‌టీడీ బూత్‌కి పరుగెత్తి సొంతూరు సిరిసిల్లకు ఫోన్ చేశాడు. మగ్గాల పనికి వలస వచ్చి మేముంటున్న ఈ పర్వత్ పాటియాలో మా గల్లీ అంతటికీ మిఠాయి పంచాడు. ఆడవాళ్లందరూ వచ్చి నాకు బొట్టు పెట్టి దీవించారు. పైవాటా సుజాత వదిన మాత్రం గడప బయటే ఆగిపోయింది.

"నా చెయ్యి వద్దులే పిల్లా, మంచి రోజు" అంది. నవ్వుతూనే అంది.

ఆ చేతికి ఆ పేరు తెచ్చింది నేను.

వదిన మా పైనుండే రాజవ్వ పెద్దమ్మ కోడలు. నేను పదో తరగతిలో చేరేనాటికి ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. ఆ వానాకాలం ఎవరింట్లోనో అడిగి పెన్సిలంత గులాబీ కొమ్మలు తెచ్చుకుంది. రంగుల మిల్లు ఖాళీ డబ్బాలు బాగా కడిగి, అడుగున బెజ్జాలు కొట్టి, డాబా మీద నాటింది. వానకు వేళ్లు కుళ్లకుండా డబ్బాల కింద ఇటుకలు పెట్టింది. పన్నెండింటిలో తొమ్మిది బతికాయి. చలికాలంలో మొదటి మొగ్గల్ని తనే గిల్లేసింది, ముందు మొక్క బలం పుంజుకోవాలని. ఎండలు ముదరగానే మగ్గం మీద నేతలో చెడిపోయిన గుడ్డను మొక్కల పైన కట్టి నీడ చేసింది. ఆ తొమ్మిదింటినీ చూసి పెద్దమ్మ మెత్తబడింది. "మా కోడలు చెయ్యి మంచిదే" అని నలుగురిలో అనేసింది. ఆ మాట విన్న రోజు వదిన మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. చూసి కూడా చేశాను.

ముట్టయిన నాలుగు రోజులు వదిన డాబా ఎక్కేది కాదు. ఆ రోజుల్లో ఆడమనిషి తాకితే మొక్క మాడిపోతుందని మావాళ్ల నమ్మకం. అందుకే ఆ నాలుగు రోజులూ నీళ్లు పోసే పని నాకు అప్పజెప్పేది. అది మార్చి. నాకు పదో తరగతి పరీక్షలు. నల్లా పొద్దున గంటసేపే వస్తుంది. ఒకరోజు పుస్తకం ముందు కూర్చుని ఆ గంట పోగొట్టుకున్నాను. పక్క గల్లీ బోరింగుకు వెళ్లడానికి బద్ధకించాను. ఇంట్లో ఒక క్యాన్ ఉంది. బాపు పాండేసరలో తను పనిచేసే మిల్లు నుంచి, నూనె మరకల బట్టలు ఉతకడానికి తెచ్చిన కాస్టిక్ సోడా నీళ్లు. సబ్బునీళ్లు చెట్లకు పోస్తారు కదా, ఇవీ అంతే అనుకున్నాను.

నిజంగా అనుకున్నానా? బిందె అడుగున చెంబెడు మంచినీళ్లు మిగిలి ఉంటే, వాటిని తీసుకెళ్లి తులసికి పోశాను. గులాబీలకు మాత్రం క్యాన్ వంచాను. తులసికి ఎందుకు పోయలేదు ఆ నీళ్లు? తెలుసు కాబట్టి కాదా? దేవుడి మొక్కకు భయపడిన దాన్ని, ఒక మనిషి ప్రాణం పెట్టుకున్న మొక్కలకు ఎందుకు భయపడలేదు?

తలస్నానం చేసి డాబా ఎక్కిన రోజు వదిన పెట్టిన కేక కింద మా ఇంట్లోకి వినిపించింది. పైకి పరుగెత్తాను. ఆకులన్నీ అంచుల నుంచి నల్లగా ముడుచుకుపోయాయి. నా వెనకే పెద్దమ్మ వచ్చింది.

"ముట్టుల ముట్టుకున్నవా చెట్లను? నిజం జెప్పు!"

"లేదత్తా, నీ కాల్మొక్త. నాలుగొద్దులు మెట్టు గూడ ఎక్కలే."

"ఎక్కకుంటే గిట్లెట్ల మాడినయే? మీదికెళ్లి నిప్పులు వడ్డయా?" అని నా వైపు తిరిగింది. "ఏం పిల్లా, నువ్వేగా నీళ్లు వోసింది. ఇది మీదికొచ్చిందా?"

వదిన నన్నే చూస్తోంది. రాలేదు అంటే చాలు. ఒక్క మాట.

"ఏమో పెద్దమ్మా, నేను చూడలే" అన్నాను.

"కడుపు నిలవనిదాని చేతిల చెట్టెట్ల నిలుస్తది" అంది పెద్దమ్మ.

ఆ తర్వాత ఏ సీమంతానికీ వదినను గాజులు తొడగమనలేదు. పసిపిల్లల్ని ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమెకు మళ్లీ కడుపు పండలేదు. దానికీ నేను పోసిన నీళ్లకూ సంబంధం లేదని నా చదువు చెబుతుంది. నా నిద్ర ఒప్పుకోదు. నిజం చెబితే పరీక్షలు పోతాయని భయపడ్డానా, బాపు కొడతాడని భయపడ్డానా? ఏదైతేనేం, నేను పైతరగతికి వెళ్లాను, ఆమె గడప బయటికి వెళ్లింది.

ఇవాళ ఆమె గడప దగ్గర ఆగడం చూసి తట్టుకోలేకపోయాను. అందరూ వెళ్లాక పైకెక్కి వదిన, పెద్దమ్మ ఇద్దరి ముందూ చెప్పేశాను. క్యాన్, కాస్టిక్, అబద్ధం, అన్నీ.

పెద్దమ్మ పకపకా నవ్వింది. "సదువుకున్న పిల్ల గదా, వదిన మీద పాయిరంతోని, ఆమెను కాపాడనీకి ఎంత మంచిగ కతలల్లుతున్నదో!"

నేను వదిన చేతులు పట్టుకుని ఒట్టేశాను. ఆమె మెల్లగా విడిపించుకుంది.

"ఊకో పిల్లా. నాకోసం తప్పు నీ మీదేసుకోకు. గప్పుడు నాకే దినాల లెక్క తప్పి ముట్టుల ముట్టుకున్ననేమో."

ఐదేళ్లు. తప్పు తనదేనని తనే నమ్మేసింది. నిజం చెప్పినా అది నా మంచితనంగా మారిపోయిందే, ఇంకేం చేసి నమ్మించాలి? ఎవరి కాళ్ల మీద పడాలి?

మీరైనా నమ్మండి. క్యాన్ మూత తీసింది నేను. పోసింది నేను. చూడలేదన్నది నేను. వదిన చెయ్యి మంచిది. ఇంత రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. పైన ఆమె గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.