అత్త తోలిన పొడుగు కట్టెల బండి

ఈ నెల పదహారో తేదీ, మంగళవారం. తెల్లవారి వాకిట్లోకి రాగానే బండిని చూసి ఆశ్చర్యపోయాను. మేనత్త చిన్న ట్రక్కు మంచుకు తడిసి ఇంకా మా వీధిలోనే ఉంది. ఆ వేళకు అది ఎప్పుడూ తోటపల్లి గూడూరు దారిలో ఉండేది. ఇంతలో అత్త ఇంట్లోంచి నాన్న బయటికి వచ్చి, "అక్క నిద్రలోనే పొయ్యింది పాపా" అన్నాడు.

మా దారిలో తిరిగినవాళ్లు ఆ బండిని చూసే ఉంటారు. అత్త సముద్రపొడ్డు తోటల నుంచి సరుగుడు కట్టెలు తోలేది. రొయ్యల గుంటల షెడ్లకు, మేడల సెంట్రింగుకు, పెళ్లి పందిళ్లకు. బండేమో చిన్నది, కట్టె దాని తొట్టిలో పట్టదు. తోలేది ఆడమనిషని కట్టెలమ్మే అడితిలో నవ్వితే, "నవ్వడం అయిపోతే ఆ మొదలు పట్టుకో అన్నా" అనేది.

బరువైన మొదళ్లు ముందుకు, క్యాబిన్ మీది ఇనుప ఫ్రేముపైకి. సన్నటి కొసలు వెనక్కి. బరువంతా వెనక పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ముందు కట్టెల్ని ఒక మోపుగా బిగించి, ఆ తర్వాతే మోపును బండికి కట్టేది. వెనక వచ్చేవాళ్లకు కనపడేలా కొసన ఎర్ర గుడ్డ. చర్చిలో పెళ్లికి తెల్ల చీర కట్టుకున్న మనిషి, ఒకే ఒక్క ఎర్ర చీర కొని ఇంటికి రాగానే చింపేసింది. అమ్మ గుండె బాదుకుంటే, "నా ఒంటికి గాదే, బండికి కొన్నా" అంది.

అడితి దాటాక మొదటి కల్వర్టు దగ్గర బండి ఆపి, దిగి, తాళ్లన్నీ లాగి చూసేది. "కట్టెలు బండెక్కినాక సర్దుకుంటాయి పాపా. ఆడ కట్టిన బిగువు ఈడికొచ్చేసరికి ఉండదు." బిగువు అనే మాట నాకు అక్కడే దొరికింది. వాక్యానికి బిగువుండాలని కాలేజీలో తెలుగు మేడం చెప్పినప్పుడు నాకు ఆ కల్వర్టే గుర్తొచ్చింది.

సెలవుల్లో ఆ బండి మీదే నాకు డ్రైవింగ్ నేర్పింది. లైసెన్సూ వచ్చింది. పొడుగు లోడు మాత్రం ఆమె పక్కన లేకుండా ఎప్పుడూ తోలలేదు.

సమాధి ఆ మంగళవారం సాయంత్రమే. కావలి నుంచి, సంగం నుంచి చుట్టాలు బయలుదేరారు. ఎండకు పందిరి వెయ్యాలి, కట్టెలు లేవు. నాన్న ట్రాక్టరుకు చెప్తానన్నాడు.

"అత్త పందిరికి కట్టెలు ఇంకొకరి బండిలో రావడమేంది నాన్నా? నేను తెస్తా."

"నీకేమన్నా అయితే, ఈ ఒక్కరోజే ఇద్దరి కోసం నేను ఏడవలేనమ్మా."

"ఏమీ కాకుండా ఎట్ట తోలాలో నేర్పిందే ఆమె గదా."

నాన్న బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అడితి అన్న కళ్లు తుడుచుకుంటూనే తొందరపెట్టాడు. "జనం వచ్చేస్తారు పాపా. అన్నీ ఒకే తడవ ఎక్కించెయ్." నాకూ అదే అనిపించింది, ఎండ ముదురుతోంది. కానీ నోట్లోంచి అత్త మాటే వచ్చింది: "రెండు తడవలు తిరిగితే డీజిలు పోద్ది అన్నా. ఒకే తడవ మోస్తే మనిషి పోతాడు."

"ఆ మాట మీ అత్త నాకెన్నిసార్లు చెప్పిందో!" అంటూ ఆయనే సగం కట్టెలు దించేశాడు.

కల్వర్టు దగ్గర ఆగాను. నడిమి తాడు నిజంగానే వదులైంది! మళ్లీ బిగించాను. కాలవ వంతెన మలుపులో బండి ఒకవైపు తిరిగితే కొసలు రెండోవైపు ఊడ్చుకుంటూ పోతాయి. అందుకే ఆగి, పక్కనున్న మోటారు సైకిళ్లను ముందు పొమ్మన్నాను. వెనక బస్సులోంచి కండక్టరు తల బయట పెట్టాడు.

"ఏమ్మా, రోడ్డంతా నీదేనా?"

"నాది గాదన్నా, కట్టెలది!"

బస్సంతా నవ్వింది. దారి ఇచ్చింది.

రెండో తడవ కూడా తెచ్చేసరికి పందిరివాళ్లు ఇంకా గుంతలు తవ్వుతూనే ఉన్నారు. ఒక్క కట్టె జారలేదు. నాన్న బండి చుట్టూ తిరిగి ప్రతి ముడీ లాగి చూశాడు. "అక్క కట్టినట్టే ఉండాది" అని, అప్పుడు ఏడ్చాడు. సాయంత్రం ఆ పందిరి నీడలో నిలబడి ఊరంతా అత్త కోసం పాటలు పాడింది. నేను అందరికంటే గట్టిగా పాడాను.

మూడో రోజు ప్రార్థన ఈ సాయంత్రం అయిపోయింది. రేపు పొద్దున్నే కట్టెల్ని అడితికి తిరిగి చేర్చాలి. రెండు తడవలు. కల్వర్టు దగ్గర ఆగాలి. ఎర్ర గుడ్డను ఉతికి తీగ మీద ఆరేశాను. సముద్రపు గాలికి అది, కట్టెల కొసన ఊగినట్టే ఊగుతోంది.