తడవని వానడబ్బా

వాన వెలిసిందంటే చాలు, అవ్వ చేలోకి దిగి మట్టిలో చెయ్యి గుచ్చేది. "జానెడు దిగింది" అనేది, లేదంటే "రెండు వేళ్లే" అని పెదవి విరిచేది.

యూనివర్సిటీలో వాతావరణ మార్పుల మీద పరిశోధన చేస్తూ, వీపనగండ్లలో ఆ అవ్వ చేను గట్టునే నేను వాన కొలిచే డబ్బా పెట్టాను. రోజూ పొద్దున నీళ్లెంత ఉన్నాయో చూసి పుస్తకంలో రాయమని అవ్వకు చెప్పాను.

నెల తర్వాత వెళ్తే కంది చేను పచ్చగా ఉంది. పుస్తకంలో మాత్రం అన్నీ సున్నలే.

"వానే పడలేదా అవ్వా?"

"ఎందుకు పడలే? మంచి వానలే పడ్డయి."

"మరి డబ్బాలో నీళ్లేవి?"

"మబ్బు పట్టంగనే ఉరికొచ్చి దానిమీద బకెట్ బోర్లిస్త గద బిడ్డా! మంది సొమ్మాయె, నాది గాదు, తడిస్తే ఖరాబ్ కాదా?"

నెల రోజుల కొలతలు పోయాయి. అయినా కోపం రాలేదు. వాన పట్టడానికే ఆ డబ్బా అని ఆమెకు చెప్పనిది నేనే. ఈసారి అది చెప్పి వచ్చాను.

ఆ తర్వాతి వానకు అవ్వ ఫోన్ చేసింది. వెనక జోరున చప్పుడు.

"బకెట్ తీసేసిన బిడ్డా. గని అదొక్కతే తడుస్తుంటే నా పానం ఆగుతలేదు. నేను గూడ పక్కనే నిలవడ్డ."