శాంతి పీరియడ్ లీడర్

నిన్న పక్క ఫ్లాటు చంటిదానికి జలుబు చేసిందని వాళ్ళ నాయనమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచింది. ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేసరికి నాకు అన్నం సయించలేదు. ఆ వాసన మరియది. నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునే మరియకు దమ్ము రోగం. చలి మొదలైతే చాలు, వాళ్ళమ్మ రోజూ ఆ నూనె ఛాతీకి రుద్ది బడికి పంపేది.

అప్పట్లో నాచారానికీ ఉప్పల్‌కీ మధ్య అన్నీ జొన్నచేలే. బతుకమ్మ రోజుల్లో గట్ల మీద తంగేడు విరగబూసేది, ఆ వెనకే సీతాఫలాలు, శివరాత్రికి ఉడకబెట్టిన శనగ గుడాలు మూటగట్టుకుని ఎడ్లబండి మీద కీసర జాతర, తిరిగొచ్చాక ఎండలు ముదిరేదాకా తొక్కుడుబిళ్ళలు. క్రిస్మస్‌కు మరియ వాళ్ళమ్మ పుట్నాలపొడి, ఎండుకొబ్బరి కూరి గరిజెలు చేస్తే, నేను నాలుగు తిని మరో రెండు గౌను జేబులో వేసుకునేదాన్ని. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఆ ఏడు మా పెద్దసారు ఎక్కడికో ట్రైనింగుకు వెళ్ళి, పిల్లల మనసు నెమ్మదించాలంటే కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస నిలపాలని నేర్చుకొచ్చాడు. రోజూ ప్రార్థన కాగానే శాంతి పీరియడ్. కన్ను తెరిస్తే చింతబరిగెతో మోకాలి మీద ఒకటి, ఏడిస్తే శాంతి చెడగొట్టినందుకు ఇంకొకటి. తెరిచిందెవరో చూసి చెప్పడానికి కళ్ళు తెరుచుకుని ఉండే మనిషి ఒకరు కావాలి కదా, అది నేను! రొమ్ము మీద పిన్నీసుతో గుడ్డబిళ్ళ, దాని మీద ఎర్రదారంతో 'లీడర్' అని కుట్టు. అబ్బో, నా నడకే మారిపోయింది. రెప్ప కదిలినవాళ్ళను కూడా పట్టించేదాన్ని.

చలికాలంలో బడి తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ మరియ పిల్లికూతలు ఏందే? ఇన్‌స్పెక్టర్ సారు ముంగట గట్ల కూసిందనుకో, నీ బిళ్ళ ఇంకొకరికి ఇస్త."

ఆ రోజు ఒక్కరు కూడా గైరుహాజరు కాకూడదన్నాడు కాబట్టి, దాన్ని ఇంటి దగ్గర ఉంచే దారి లేదు.

ఊపిరి బిగబట్టడం అలవాటు చేయాలని, రోజూ మధ్యాహ్నం బడి వెనక గోడవారన దాని ముక్కు రెండు వేళ్ళతో నొక్కి, నోటి మీద అరచెయ్యి పెట్టి ఒకటీ రెండూ లెక్కపెట్టేదాన్ని. మొదటిరోజు కాళ్ళు తన్నుకుంది.

"ఛాతిల మండుతున్నదే."

"మండనీ. నువ్వు కూస్తే నా బిళ్ళ వోతది."

మర్నాటి నుంచి తన్నుకోలేదు. నాతో దోస్తీ చేయడం ఒక్కటే అది చేసిన తప్పు. మూడోరోజు ఇంటికెళ్తూ తనే ఆగి, "సూడు, ఇయ్యాల ఇరవై దాకా ఆపిన," అని మురిసిపోయింది. నేను ముప్పై కావాలన్నాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన పొద్దున మంచు ఇంకా విడవలేదు. పిల్లలందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఎదురుగా నిలబడి మరియనే చూస్తున్నాను. కొంచెం గాలి పీల్చేది, బిగబట్టేది, చప్పుడు రాకుండా వదిలేది, మళ్ళీ బిగబట్టేది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ సరిగ్గా దాని ముందే ఆగాడు.

"ఈ పాపను చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు పెద్దసారుతో.

నాకు తెలుసు. ఆ గదిలో కళ్ళు తెరుచుకున్న పిల్లను నేనొక్కదాన్నే. ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఆగవే అనుకుంటూ బిళ్ళ సర్దుకున్నాను. ఛీ, ఏం పుటక నాది! గంట కొట్టాక అందరూ లేచారు, మరియ మాత్రం పక్కకు ఒరిగిపోయింది. అప్పటికి ఇన్‌స్పెక్టర్ చాయ తాగడానికి వెళ్ళిపోయాడు.

వాళ్ళ నాన్న సైకిలు మీద దవాఖానాకు తీసుకుపోయాడు. ప్రాణం దక్కింది కానీ, అది మళ్ళీ బడికి రాలేదు. పది రోజుల తర్వాత వాళ్ళమ్మ బడి గేటు దగ్గర నా కోసం నిలబడింది. తిడుతుందనుకుని గోడపక్కగా జారుకోబోయాను.

"ఆగు బిడ్డా. మా పిల్ల నిన్ను అడుగుమన్నది. సప్పుడు చెయ్యలేదు గదా, బిళ్ళ నీ తాననే ఉన్నదా, అని."

ఉందని తల ఊపాను. "ఒకపారి వచ్చి సూసిపో బిడ్డా, నిన్నే యాది చేస్తున్నది," అంది. వస్తానన్నాను, వెళ్ళలేదు. వాళ్ళిల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతలే. సంక్రాంతి సెలవులయ్యేసరికి ఇల్లు ఖాళీ చేసి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు జొన్నచేలు లేవు, బడి ఉన్నచోట నాలుగంతస్తుల బట్టల దుకాణం వెలిసింది, పెద్దసారు ఎప్పుడో పోయాడు. మరియ ఉందో లేదో తెలియదు. ఈ రోజుల్లో మనుషుల్ని వెతకడం ఎంతసేపు? ఊరి పేరు చెబితే చాలు, ఫోన్‌లో వెతికిపెడతానంటుంది మా మనవరాలు. ఆ ఊరి పేరు నాకు బాగా గుర్తుంది. మర్చిపోయానని చెప్పాను.